నీలం రంగు వచ్చినంత మాత్రాన అది కొకైన్ అవుతుందా?

ప్రశ్న (ప్రయోగశాల_పుస్తకం)

అందరికీ నమస్కారం. నేను ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గత వారం ప్రాక్టికల్ తరగతిలో మాదకద్రవ్యాలను గుర్తించే ప్రాథమిక రంగు పరీక్షలు చేయించారు. విద్యార్థుల చేతికి అసలు కొకైన్ ఇవ్వడం కుదరదు కనుక, మా మేడమ్ గుంటలున్న పింగాణీ పలకలో మూడు తెల్లని పొడులు పోసి, ఏది ఏమిటో చెప్పకుండా, ఒక్కొక్క దాని మీద కోబాల్ట్ థయోసయనేట్ ద్రావణం రెండేసి చుక్కలు వేయమన్నారు. ద్రావణం సీసాలో రోజా రంగులో ఉంది. మొదటి రెండు గుంటలలో ఆ రంగు అలాగే ఉండిపోయింది. మూడో గుంటలో మాత్రం చుక్క పడీ పడగానే నెమలి మెడ రంగులో నీలం పరుచుకుంది. నేను వెనుకాముందు ఆలోచించకుండా రికార్డులో “మూడవ నమూనాలో కొకైన్ ఉన్నది” అని రాసేశాను.

మేడమ్ ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, మొదటిది లాక్టోజు, రెండోది కెఫీన్, మూడోది లిగ్నోకెయిన్ అని చెప్పారు. అంటే పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే మత్తు సూదిలోని మందే నా దృష్టిలో కొకైన్ అయింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఇంటికి వచ్చి చదివితే, బయట అమ్మే కొకైన్‌లో ఈ లిగ్నోకెయిన్‌నే కల్తీగా కలుపుతారని తెలిసింది. అటువంటప్పుడు పట్టుబడిన పొడిలో నీలం రంగు వస్తే, ఆ రంగు సరుకు వల్ల వచ్చిందో, అందులో కలిపిన కల్తీ వల్ల వచ్చిందో ఎలా తేల్చాలి? దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంటుందా, అంటే అసలు సరుకు ఉండి కూడా కల్తీ వల్ల పరీక్షలో కనబడకుండా పోవడం జరుగుతుందా? ప్రయోగశాలలలో పనిచేసిన పెద్దలు ఎవరైనా వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

జవాబు 1 (విశ్రాంత_రసాయనజ్ఞుడు)

అమ్మా, మీరు చేసిన పొరపాటు మీకంటే వయసులో చాలా పెద్దది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ చేశాను. కారణం ఒక్కటే: రంగు చెప్పిన మాటకంటే ఎక్కువ మాట మనం దాని నోట పెడతాం.

మీ గుంటలో జరిగింది ఇది. నీటిలో కోబాల్ట్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు చేరి ఉన్నంతసేపు ద్రావణం రోజా రంగులో ఉంటుంది. ఆ నీటిని తోసేసి నాలుగు థయోసయనేట్‌లు దాని చుట్టూ చేరితే నీలం అవుతుంది. అయితే ఆ నీలి అయాన్‌కు రెండు రుణావేశాలు ఉంటాయి కనుక అది నిలవాలంటే ధనావేశంతో కూడిన, కాస్త పెద్దదీ నూనె స్వభావం ఉన్నదీ అయిన అణువు జతగా దొరకాలి. కొకైన్‌లోని తృతీయ అమైన్ నైట్రోజన్, అంటే మూడు కార్బన్‌లకు అతుక్కుని ఉన్న నైట్రోజన్, ప్రోటాన్‌ను పట్టుకుని ఆ జత అవుతుంది. లిగ్నోకెయిన్‌లోనూ అటువంటి నైట్రోజనే ఉంది. అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్‌లో, ప్రోమెథజిన్‌లో కూడా ఉంది. కాబట్టి ఆ ద్రావణం గుర్తుపట్టింది ఒక రకం నైట్రోజన్‌ను మాత్రమే; అది ఏ ఇంటి నైట్రోజన్ అన్నది దానికి తెలియదు. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. సున్నం కలిపినా అంతే, పారాణి అవుతుంది. చాకలి సోడా కలిపినా అంతే. ఆ ఎరుపును చూసి “ఇక్కడ క్షారం ఉంది” అనవచ్చు గాని “ఇది సున్నమే” అనలేం.

ఇక లిగ్నోకెయిన్‌నే ఎందుకు కలుపుతారన్నది ఆలోచించదగిన విషయం. కలిపేవాడి మనసులో మన పరీక్ష ఉండదు, కొనేవాడి పరీక్ష ఉంటుంది. కొనేవాడు చిటికెడు పొడి చిగురుకు రాసుకుని, తిమ్మిరెక్కితే సరుకు మంచిదనుకుంటాడు. కొకైన్ కూడా చిగురును మొద్దుబారుస్తుంది కనుక, అదే పని చౌకగా చేసే మత్తుమందును కలిపితే కొనేవాడు మోసపోతాడు. నరాలను మొద్దుబార్చే ఆ అణువుల పోలికలే కోబాల్ట్ ద్రావణాన్ని కూడా నీలం చేస్తాయి. కొనేవాడి కోసం వేసిన ఎత్తుకు మన మొదటి పరీక్ష అప్రయత్నంగా చిక్కుతుందన్నమాట.

కల్తీ పదార్థాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. లాక్టోజు, మానిటాల్, పిండి వంటివి ఊరకే బరువు పెంచుతాయి. లిగ్నోకెయిన్, కెఫీన్, ఫెనాసిటిన్, లెవమిసోల్ వంటివి తమంతట తాము మందులే, ఒంట్లోకి వెళ్లి తమ పని తాము చేస్తాయి. లెవమిసోల్ అంటే మన దగ్గర గొర్రెలకు పట్టించే నట్టల మందులలో ఒకటి. 2009 నాటికి అమెరికా సరిహద్దుల్లోకి వస్తూ పట్టుబడిన కొకైన్‌లో సుమారు 69 శాతంలో అది ఉన్నట్టు అక్కడి మాదకద్రవ్య నిరోధక సంస్థ తేల్చింది. దానివల్ల కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి, మామూలు గొంతునొప్పి ప్రాణం మీదికి వచ్చింది. కల్తీని గుర్తించడం కోర్టు కోసమే అనుకునేవారికి ఈ సంగతి చెబుతుంటాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు 1973లో స్కాట్ అనే రసాయనజ్ఞుడు ప్రతిపాదించిన మూడు దశల పరీక్షలో కొంతవరకు ఉంది. మీరు చేసినది అందులో మొదటి దశ మాత్రమే. రెండో దశలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నీలం పోయి మళ్లీ రోజా రంగు రావాలి. మూడో దశలో క్లోరోఫాం పోసి కుదిపి నిలబెడితే అడుగున చేరిన క్లోరోఫాం పొర నీలంగా మారాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా కొకైన్ కాదనే భావించాలి. మొదటి మెట్టు మీద నీలంగా మెరిసిన పదార్థాలు చాలావరకు తరువాతి మెట్ల దగ్గర జారిపోతాయి. చాలావరకు అన్నానని గమనించండి. ఆమ్లం పాళ్లు మారితే, పొడి ఎక్కువ వేస్తే, ఫలితం పెడదారి పడుతుంది. కొత్తవాళ్లు రంగు బాగా రావాలన్న ఆత్రంతో చెంచాడు పొడి పోస్తారు, అప్పుడు రెండో దశలో పోవలసిన నీలం పోకుండా మొండికేస్తుంది. ఆవగింజంత చాలు.

మీ రెండో ప్రశ్నకు సూటి జవాబు: కనబడకుండా పోవడం కూడా ఉంది. క్రాక్ అని పిలిచే క్షార రూపపు కొకైన్ నీటిలో సరిగా కరగదు కనుక మొదటి దశలో రంగు సమంగా పరుచుకోక అక్కడక్కడ నీలపు నలుసులుగా మాత్రమే కనబడవచ్చు. తయారీలో మిగిలిపోయిన సోడియం బైకార్బనేట్ ఉంటే ఆమ్లం వేయగానే బుసబుస పొంగి, ఆమ్లంలో కొంత దానికే ఖర్చయిపోతుంది. అందుకే తరువాతి కాలంలో స్కాట్ పద్ధతిని సవరించుకున్నారు. మార్క్విస్ అనే మరో రంగు పరీక్ష సంగతి వేరు. అందులో ఫార్మాల్డిహైడ్‌తో పాటు గాఢ గంధకామ్లం ఉంటుంది. హెరాయిన్‌కు ఊదా రంగు, యాంఫెటమిన్‌కు నారింజ నుంచి గోధుమ రంగు, ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏకు నలుపు తిరిగిన ఊదా రావాలి. కానీ పొడిలో చక్కెర దండిగా ఉంటే ఆమ్లం దానిని మాడ్చి బొగ్గు చేస్తుంది. ఆ గోధుమ నలుపు కింద అసలు రంగు ఏమిటో దేవుడికే తెలియాలి. పైగా మాడిన నలుపును ఎండీఎంఏ నలుపుగా పొరబడే ప్రమాదమూ లేకపోలేదు. ఒకటే తేడా: అసలు రంగు ఆమ్లం తాకిన క్షణాల్లో వస్తుంది, మాడటం నెమ్మదిగా ముదురుతుంది. కాబట్టి రంగుతో పాటు అది రావడానికి పట్టిన సమయాన్ని కూడా రాసుకునే అలవాటు చేసుకోండి.

చివరకు తేల్చేది పరికరమే. జీసీ-ఎంఎస్ అనే పరికరంలో మిశ్రమం పొడవైన సన్నని గొట్టం గుండా ప్రయాణిస్తూ విడిపోతుంది. మామూలుగా వాడే గొట్టాలలో కెఫీన్, లిగ్నోకెయిన్ ఒకదాని వెనుక ఒకటి ముందుగా బయటపడతాయి, కొకైన్ తీరిగ్గా వెనుక వస్తుంది. బయటకు వచ్చిన ప్రతిదాన్నీ ముక్కలు చేసి, ఆ ముక్కల ద్రవ్యరాశులను చూస్తే కొకైన్‌కు 82, 182, 303 దగ్గర గీతలు, లిగ్నోకెయిన్‌కు 86 దగ్గర ఒక పెద్ద గీత కనిపిస్తాయి. నా సర్వీసులో ఒకసారి మొదటి దశలో చక్కని నీలం ఇచ్చిన పొడి మా బల్ల మీదికి వచ్చింది. పరికరం ఇచ్చిన కాగితం మీద 82 కోసం ఎంత వెతికినా లేదు. కెఫీన్, లిగ్నోకెయిన్, అంతే. అమ్మినవాడు కొన్నవాడిని నిలువునా ముంచాడు. పట్టుకున్నవారు మాత్రం మా నివేదికను చాలాసేపు నమ్మలేదు.

జవాబు 2 (రాత్రి_డ్యూటీ)

పై పెద్దాయన చెప్పినది బల్ల ముందు కూర్చుని చేసే పరీక్ష. రోడ్డు మీద మా పరిస్థితి కూడా కాస్త వినండి. మా దగ్గర ఉండే కిట్ ఒక చిన్న ప్లాస్టిక్ సంచి. అందులో సన్నని గాజు గొట్టాలు ఉంటాయి. పొడి వేసి, సంచి మూసి, చెప్పిన వరుసలో వాటిని వేళ్లతో నొక్కి విరగ్గొట్టాలి. వరుస తప్పితే ఫలితం తప్పుతుంది. ఒకటి విరిచాక రెండోదానికి ముందు ఎంతసేపు కుదపాలో సంచి మీదే రాసి ఉంటుంది గాని, అర్ధరాత్రి చుట్టూ పదిమంది గుమిగూడి ఉన్నప్పుడు అది చదివే ఓపిక ఎందరికి ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఇంకొకటి ఉంది. వీధిలో పసుపుపచ్చని సోడియం దీపం కింద నీలం రంగు నీలంగా కనబడదు, మసిగా కనబడుతుంది. ఒకసారి ముగ్గురం మూడు రంగులు చెప్పాం. చివరకు జీపు ఎక్కి లోపలి తెల్ల దీపం కింద చూసుకున్నాం. వేసవిలో ఆ కిట్లు జీపు డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉడికిపోతుంటాయి కూడా. మా దృష్టిలో అది సీజ్ చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. దాన్ని నేర నిరూపణగా ఎవరైనా చూస్తే తప్పు కిట్‌ది కాదు.

జవాబు 3 (వరంగల్_వకీలు)

విద్యార్థిని గారి ప్రశ్న రసాయనశాస్త్రానిదే అయినా, దాని బరువు మోసేది మా కోర్టులు కనుక ఒక మాట.

1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్ష పరిమాణాన్ని బట్టి మారుతుంది. కొకైన్ విషయంలో 2 గ్రాముల వరకు చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. మరి కల్తీ కలిసిన పొడిలో దేని బరువు లెక్కించాలి? 2008లో మైకేల్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు అసలు మందు బరువునే లెక్కించాలని చెప్పింది. ఆ కేసులో దొరికినది నాలుగు కిలోలకు పైచిలుకు పొడి, కానీ అందులో హెరాయిన్ శాతం ఒకటిన్నర దరిదాపుల్లోనే ఉండటం వల్ల అసలు సరుకు సుమారు 60 గ్రాములకు దిగింది. 2009 నవంబరులో కేంద్రం మొత్తం మిశ్రమం బరువునే చూడాలని నోటిఫికేషన్ ఇచ్చింది. చివరకు 2020 ఏప్రిల్ 22న హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మైకేల్ రాజ్ తీర్పు సరికాదని, తటస్థ పదార్థం బరువును కూడా కలిపే లెక్కించాలని తేల్చింది.

దీన్ని మీ పింగాణీ పలక పక్కన పెట్టి చూడండి. 90 గ్రాముల లిగ్నోకెయిన్‌లో 15 గ్రాముల కొకైన్ కలిసి ఉంటే అది ఇప్పుడు 105 గ్రాములు, అంటే వాణిజ్య పరిమాణం. కనీసం 10 సంవత్సరాల కఠిన కారాగారం, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, 37వ సెక్షన్ కింద బెయిలు దుర్లభం. అదే 105 గ్రాములూ లిగ్నోకెయిన్ అయితే, ఆ పొడి ఈ చట్టం దృష్టిలో మాదకద్రవ్యమే కాదు. ఈ రెండు సంచులలోనూ మొదటి చుక్కకు వచ్చేది ఒకే నీలం! కల్తీ ఎంత శాతం అన్న ప్రశ్న హీరా సింగ్ తీర్పు తరువాత పక్కకు పోయిందని కొందరు తోటి న్యాయవాదులు అంటుంటారు. నా ఉద్దేశంలో అసలు సరుకు ఉందా లేదా అన్న ప్రశ్నకు అంతకు రెండింతల విలువ పెరిగింది.

నమూనా తీయడంలోనూ చిక్కులున్నాయి. 2022 నాటి నిబంధనల ప్రకారం సంచిలోని పదార్థాన్ని సమంగా కలిసేలా కలిపి, మేజిస్ట్రేటు సమక్షంలో జంట నమూనాలు తీయాలి, గంజాయి, చరస్, నల్లమందు మినహా మిగతావి 5 గ్రాముల చొప్పున. కలపకుండా పైనుంచి చెంచాతో తీస్తే వచ్చేది సరుకో కల్తీయో చెప్పలేం. మళ్లీ పరీక్ష కోరడం అంత తేలిక కాదు. 2013లో థానా సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానిని అసాధారణ పరిస్థితులకు పరిమితం చేసి, నివేదిక అందిన 15 రోజుల్లోగా కోరాలని గడువు పెట్టింది. అందువల్ల నేను కక్షిదారు తరఫున నివేదిక చేతికి రాగానే మొదట వెతికేది ముగింపు వాక్యాన్ని కాదు. ఏయే పరీక్షలు చేశారు, రంగు పరీక్ష దగ్గరే ఆగారా, పరికరం దాకా వెళ్లారా అన్న వరుసను వెతుకుతాను. “రసాయన పరీక్షలలో పాజిటివ్” అన్న ఒక్క ముక్కతో ముగిసిన కాగితాలు నేను చూశాను.

రంగును నమ్మి మనుషులను లోపల వేయడం మన దగ్గరి జబ్బు మాత్రమే అనుకోకండి. 2015లో అమెరికాలోని ఓర్లాండోలో ఒక పెద్దాయన కారులో రాలిన డోనట్ చక్కెర పలుకులు రోడ్డు పక్కన చేసిన పరీక్షలో మెథాంఫెటమిన్‌గా తేలాయి. ఆయనను అరెస్టు చేశారు. ప్రయోగశాల అందులో మాదకద్రవ్యం ఏదీ లేదని తేల్చింది. 2017లో నగరపాలక సంస్థ ఆయనకు 37,500 డాలర్లు చెల్లించింది. జార్జియా రాష్ట్రంలో 2016 చివరి రోజున కారులో దొరికిన నీలం రంగు పీచుమిఠాయి ఒక మహిళను దాదాపు మూడు నెలలు జైల్లో ఉంచింది.

ప్రశ్న అడిగినవారి నుంచి (ప్రయోగశాల_పుస్తకం)

అందరికీ కృతజ్ఞతలు. పారాణి పోలిక మా తరగతిలో అందరికీ చెప్పేశాను. ఒక చిన్న అనుబంధ సందేహం. అమెరికాలో ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందును గుర్తించడం కోసం కాగితపు పట్టీలు వాడతారని చదివాను. అవి రంగు రసాయనం మీద కాకుండా ప్రతిరక్షకాల (యాంటీబాడీల) మీద పనిచేస్తాయి. ప్రతిరక్షకం అణువు ఆకారాన్ని గుర్తుపడుతుంది కదా, దానిని కల్తీ మోసం చేయలేదని అనుకోవచ్చా?

జవాబు 4 (ఫిలడెల్ఫియా_ఫార్మసీ)

అనుకోకూడదండీ. మాది గుంటూరు. చాలా ఏళ్లుగా ఫిలడెల్ఫియాలో ఆసుపత్రి ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను కనుక ఈ పట్టీలను దగ్గరగా చూసే అవకాశం దొరికింది.

ముందు ఒక హెచ్చరిక. కోవిడ్ కిట్‌లో రెండు గీతలు వస్తే వ్యాధి ఉన్నట్టు. ఇక్కడ తిరగేసి చదవాలి. ఒక్క గీత వస్తే ఫెంటనిల్ ఉన్నట్టు, రెండు గీతలు వస్తే లేనట్టు. పట్టీ మీద ముందే అంటించి ఉన్న అణువుతో నమూనాలోని అణువు పోటీపడి ప్రతిరక్షకాన్ని లాగేసుకుంటే రెండో గీత పడదు. ఇంత తేలికైన విషయంలోనే చాలామంది తడబడతారు.

ఇక కల్తీ సంగతి. ప్రతిరక్షకం తాళంలాంటిదే, కానీ అరిగిన తాళం. సరైన చెవి కాకపోయినా, పోలిక ఉన్న చెవులు వందలకొద్దీ దూరిస్తే ఒకటి తిరుగుతుంది. నమూనాను చిక్కగా కలిపితే మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి ఫెంటనిల్ లేకపోయినా గీతను మాయం చేయగలవు. ఫెంటనిల్‌ను పట్టడానికి అతి తక్కువ పరిమాణం చాలు, వీటికి చాలా ఎక్కువ కావాలి. అందుకే పొడిని ఎక్కువ నీళ్లలో పలచన చేయమంటారు. పలచన చేస్తే అసలుది నిలుస్తుంది, పోలికది జారిపోతుంది. మా ఊళ్లో కొన్నేళ్లుగా ఫెంటనిల్‌లో జైలజిన్ కలుస్తోంది. అది పశువులకు ఇచ్చే మత్తుమందు. 2023 ఏప్రిల్‌లో శ్వేతసౌధం ఈ మిశ్రమాన్ని దేశానికి పొంచి ఉన్న కొత్త ముప్పుగా ప్రకటించింది. దానికీ పట్టీలు వచ్చాయి. ఆ పట్టీలను తికమక పెట్టే పదార్థం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు: మీ మూడో గుంటలోని లిగ్నోకెయినే.

మాకు ఇది కాగితం మీది చర్చ కాదు. ఫెంటనిల్ వల్ల ఊపిరి ఆగిన మనిషికి నాలాక్సోన్ ఇస్తే శ్వాస తిరిగి వస్తుంది. జైలజిన్‌కు నాలాక్సోన్ విరుగుడు కాదు. అందువల్ల మందు ఇచ్చాక ఊపిరి ఆడుతున్నా మనిషి కళ్లు తెరవడు. ఆసుపత్రిలో మామూలుగా చేసే మూత్ర పరీక్షలో జైలజిన్ కనబడదు. 2024లో దాని స్థానంలోకి మెడిటోమిడిన్ అనే మరో పశువైద్యపు మత్తుమందు వచ్చింది. పాత కల్తీ కోసం నేర్చుకున్న పరీక్ష కొత్త కల్తీకి పనికిరాకుండా పోయింది.

పరికరాలూ అన్నీ ఒకటి కావు. కొన్ని కేంద్రాలలో ఎఫ్‌టీఐఆర్ అనే పరారుణ కిరణాల పరికరంతో నిమిషాలలో పొడిని చూస్తారు. అందులో వచ్చే చిత్రం పొడిలోని అన్నింటి మొత్తం. పదిమంది ఒకేసారి పాడితే సన్నని గొంతు వినబడనట్టు, సుమారు 5 శాతానికి తక్కువగా ఉన్నది పెద్ద కల్తీ నీడలో మరుగున పడుతుంది. ఫెంటనిల్ చాలాసార్లు ఆ హద్దుకు దిగువనే ఉంటుంది గాని, మనిషిని చంపడానికి అది చాలు. కాబట్టి పరికరంతో పాటు పట్టీ కూడా వాడి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుతారు. ఎంత జాగ్రత్తపడినా వకీలు గారు చెప్పిన చిక్కు మిగిలే ఉంటుంది. పొడిలో ఫెంటనిల్ పులిహోరలో పల్లీల్లా ఉంటుంది. ఒక ముద్దలో నాలుగు పలుకులు, పక్క ముద్దలో ఒక్కటీ ఉండదు. పల్లీ తగలని ముద్దను పరీక్షించి, గిన్నె అంతా నిశ్చింతగా తినవచ్చని ఎలా చెబుతాం?

జవాబు 5 (విశ్రాంత_రసాయనజ్ఞుడు)

ఫార్మసీ వారు పులిహోర అన్నారు గనుక నేను కల్లు దగ్గరకు వస్తాను, మన ప్రాంతంలో ఈ సమస్యను ఎక్కువగా చూసేది అక్కడే. అక్కడ కల్తీయే మాదకద్రవ్యం. అడ్డుపడేది కల్లు. క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, అల్ప్రాజోలం, వీటిలో ఏదో ఒకటి, తీపికి శాకరిన్. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు జరిగినప్పుడు, మందు అందక వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ వచ్చినవారితో ఎర్రగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు చనిపోయినప్పుడు బయటపడింది కూడా అల్ప్రాజోలమే.

కల్లు సీసాను పరీక్షించడం తెల్లపొడి కంటే కష్టం. అందులో చక్కెర, ఈస్టు, మాంసకృత్తులు, ఇంకా పులుస్తూనే ఉన్న ద్రవం. మూత తీయగానే బుస్సుమని సగం బల్ల మీద పడుతుంది. మందును వేరు చేద్దామని ద్రావణి పోసి కుదిపితే రెండు పొరలుగా విడిపోవలసినది మధ్యలో జిగటగా తెల్లని నురుగు పొర కట్టి గంటల తరబడి తేలదు. అప్పుడు ఉప్పు వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఓపికగా పొర విడదీయాలి. అల్ప్రాజోలం మోతాదు మిల్లీగ్రాములలోనే ఉంటుంది కనుక ఆ పొరలో కాస్త పోయినా ఉన్నది లేనట్టు అవుతుంది. క్లోరల్ హైడ్రేట్‌కు చేసే ఫుజివారా పరీక్షలో పిరిడిన్, క్షారం వేసి వేడిచేస్తే గులాబీ ఎరుపు వస్తుంది. కానీ అదే ఎరుపు క్లోరోఫాంకూ వస్తుంది. క్లోరోఫాంతో కడిగిన గొట్టాన్ని సరిగా ఆరబెట్టకుండా వాడిన కుర్రవాడు ఒకడు మా దగ్గర వరుసగా నాలుగు సీసాలకు పాజిటివ్ రాశాడు. ఖాళీ గొట్టంలో మంచినీళ్లు పోసి అదే పరీక్ష చేయించాను. ఐదోది కూడా ఎర్రబడింది. ఆ రోజు నుంచి అతను ప్రతి పరీక్ష పక్కన వట్టి గొట్టం ఒకటి పెట్టడం మరచిపోలేదు.

మీ మేడమ్ ఎర్ర గీత గీసిన వాక్యం సంగతి కూడా చెబుతాను. దానిని కొట్టేసి ఇలా రాయండి: “మూడవ నమూనాకు కోబాల్ట్ థయోసయనేట్ చుక్క వేసిన వెంటనే నీలం రంగు వచ్చినది. కొకైన్‌తో పాటు ఇతర తృతీయ అమైన్‌లు కూడా ఈ ఫలితాన్ని ఇవ్వగలవు. రెండు, మూడు దశలు చేయలేదు. వట్టి గుంటలో రంగు మారలేదు.” చివరి వాక్యం రాయాలంటే పలకలో నాలుగో గుంట వాడి ఉండాలి. వాడారా?

ప్రశ్న అడిగినవారి నుంచి (ప్రయోగశాల_పుస్తకం)

వాడలేదండీ. సోమవారం మేడమ్‌ను అడిగి మళ్లీ చేస్తాను, ఈసారి నాలుగు గుంటలతో, ఆవగింజంత పొడితో.